గుమ్మం లోపలి మొక్కలు

మార్చి 3

మొక్కల కేసు మా జడ్జిగారి బెంచికే వచ్చింది. సూపరింటెండెంట్ మూడు సంపుటాలూ తెచ్చి నా బల్ల మీద దబ్బున పెట్టి, "ఇదిగోనమ్మా, ఈసారి మనకు తోటపని," అన్నాడు. నవ్వాడు. నేనూ నవ్వాను.

పదకొండేళ్లుగా జడ్జిగారు చెప్తుంటే రాస్తున్నాను. నా మాటలు నేను రాసుకోవడం ఇదే మొదలు. షార్ట్‌హ్యాండ్‌లో రాద్దామనుకున్నాను కానీ అది ఆఫీసులో నలుగురికి వచ్చు. నా దస్తూరీ అయితే ఎవరికీ అంతుపట్టదు. అదే భద్రం.

కేసు ఒక రిటైరైన నర్సుది. వంటింటి కిటికీలో మూడు గంజాయి మొక్కలు పెంచుకుంది. గ్యాస్ లీకు చూడటానికి వచ్చినవాడు చూసి పోలీసులకు చెప్పాడు. ఆమె అమ్మలేదు, ఎవరికీ ఇవ్వలేదు. కేంద్ర చట్టం కింద కేసు పెట్టారు. శిక్ష తగ్గించమని కాదు ఆమె అడిగేది. నా ఇంట్లో నా కోసం నేను పెంచుకున్న మొక్క మీద చట్టం చేసే అధికారం మీకు రాజ్యాంగంలో ఎక్కడుంది, అని.

ఈ కేసుతో నాకేం సంబంధం లేదు.

మార్చి 4

వెనకగదిలో రెండున్నాయి.

మార్చి 6

ఆ రెండు వాక్యాలూ పక్కపక్కన చూసుకుని సిగ్గేసింది. ఇక్కడ కూడా దాచుకుంటే ఈ పుస్తకం ఎందుకు?

మా ఆయన లిఫ్ట్ మెకానిక్. నాలుగేళ్ల కిందట కుడిచెయ్యి తీగల మధ్య పడింది. మోచేతి కింద నుంచి తీసేశారు. చెయ్యి పోయింది, నొప్పి మాత్రం పోలేదు. లేని వేళ్లలో ఉంటుంది. ఎవరో బొటనవేలిని వెనక్కి విరుస్తున్నట్టు ఉంటుందట. బొటనవేలే లేదు కదా అని మొదట్లో ఒకసారి అన్నాను. ఆ మాట ఇప్పటికీ గుర్తొస్తే నాలుక కరుచుకుంటాను.

మాత్రలు వేస్తే రోజంతా సోఫాలో ఒక పక్కకి ఒరిగి ఉండేవాడు. అమ్మాయి బడి నుంచి వచ్చి, "నాన్నా" అని మూడుసార్లు పిలిస్తే ఒకసారి పలికేవాడు. అప్పుడు మా వదిన, ఆయన అక్క, పూలకొట్టు నడుపుతుంది, జేబురుమాల్లో మడిచి నాలుగు గింజలు తెచ్చింది. "ఏంటివి?" అంటే, "అడక్కు, నాటు," అంది.

రెండు బతికాయి. వెనకగదిలో బట్టలుతికే యంత్రం పక్కన, దీపం కింద. నొప్పి పోలేదు గానీ, "పక్కింటికి వెళ్లింది, అరుపులు వినిపిస్తున్నాయి అంతే," అంటాడు. మనిషి మనిషిలా ఉన్నాడు. మళ్లీ జోకులేస్తున్నాడు.

అమ్మాయికి తెలీదు. ఆ గదికి తాళం.

మార్చి 11

వాదనలు మొదలయ్యాయి. జడ్జిగారి కింద నా కుర్చీ. నర్సమ్మ మొదటి వరసలో కూర్చుంది, ఒళ్లో చేతిసంచి గట్టిగా పట్టుకుని, బస్సులో కూర్చున్నట్టు.

ఆమె లాయరు అన్నాడు: "రాష్ట్రాల మధ్య వ్యాపారాన్ని అదుపు చేసే అధికారం కేంద్రానికి ఉంది. ఒప్పుకుంటాం. కానీ అమ్మనిది, కొననిది, గుమ్మం దాటనిది వ్యాపారం ఎలా అవుతుంది? అలాగైతే నా కిటికీలో పుదీనా కూడా కేంద్రం కిందికే వస్తుంది. పుదీనా ఉంది కాబట్టే కదా నేను కొట్టుకు పోవడం లేదు!"

అందరూ నవ్వారు. మా జడ్జిగారు నవ్వలేదు.

ప్రభుత్వ లాయరు తక్కువవాడేం కాదు. "ఒక ఇంట్లో మూడు మొక్కలు, మైలార్డ్. కోటి ఇళ్లలో మూడు కోట్లు. అందులో మిగిలింది ఎక్కడికి పోతుంది? బజారుకే. ఇంటి ఆకేదో బజారు ఆకేదో పోలీసు ఎలా కనిపెట్టాలి?"

ఇద్దరి మాటా సబబే అనిపించింది. స్టెనోకి అలా అనిపించడం మామూలే. చేతులు రాస్తుంటే బుర్ర ఊఁ కొడుతూ ఉంటుంది.

మార్చి 12

రెండో రోజు. బెంచి మీద మిగతా ఇద్దరిలో చిన్నావిడ, చురుకైన మనిషి, ప్రభుత్వ లాయరును అడిగింది: "మీ వాదన ఒప్పుకుంటే, కేంద్రం చెయ్యలేని చట్టం ఇంకేదైనా మిగులుతుందా? ఒక్కటి చెప్పండి."

అతను మంచినీళ్లు తాగాడు.

తర్వాత మా జడ్జిగారు నర్సమ్మ లాయరును అడిగారు: "ఇంట్లో పిల్లలుంటే? ఇల్లు అనేది పెద్దవాళ్లది మాత్రమేనా?"

ఆ ప్రశ్న రాసుకుంటుంటే పెన్సిల్ ముక్కు విరిగింది. ఎప్పుడూ మూడు చెక్కి పెట్టుకుంటాను కాబట్టి ఇబ్బంది లేకపోయింది.

మార్చి 16

అమ్మాయి గురించి బెంగగా ఉంది. పధ్నాలుగేళ్లొచ్చాయి, ఒక్క స్నేహితురాలు ఇంటికి రాదు. అందరి ఇళ్లకూ తను వెళ్తుంది. ఆయనతో అంటే, "వయసు అలాంటిది, వదిలెయ్," అన్నాడు. వయసే అయ్యుంటుంది.

మార్చి 19

ఇవాళ జడ్జిగారు డిక్టేషన్ మొదలుపెట్టారు. కిటికీ దగ్గర నిలబడి, వీపు నాకు పెట్టి చెప్తారు. ఒక మాట దగ్గర ఆగితే అద్దం మీద వేలితో తడతారు. ఆయన ఏ పక్కకి వెళ్తున్నారో మొదటి పేజీలోనే తెలిసిపోతుంది నాకు.

చట్టం నిలబడుతుందని రాస్తున్నారు.

మధ్యలో ఆగి, తనలో తను అనుకుంటున్నట్టు, "ఇది మూర్ఖపు చట్టమమ్మా," అన్నారు. "కానీ నాకు నచ్చని చట్టాలన్నీ కొట్టేస్తూ పోతే, రేపు ఇంకో జడ్జి తనకు నచ్చనివి కొట్టేస్తాడు. అప్పుడు పార్లమెంటు ఎందుకు, మేమే చాలు."

"అవును సార్," అన్నాను. పదకొండేళ్లలో ఆయనతో నేను అన్న మాటల్లో సగం అవే.

మార్చి 20

ఇంట్లో చెప్పలేదు. చెప్పకూడదు. మూసిన గదిలో విన్నది అక్కడే వదిలి రావాలి. ఆయన మొక్కలకు నీళ్లు పోస్తూ, "మీ కేసు ఏమైంది?" అన్నాడు. "నడుస్తోంది," అన్నాను. చిన్న మొక్కకు రెండు ఆకులు పసుపెక్కాయి. ఎడమ చేత్తో తుంచాడు.

మార్చి 24

టైపు చేసిన పన్నెండు పేజీలు ఇచ్చాను. సాయంత్రం పిలిచారు.

"తొమ్మిదో పేజీ చూడండి."

చూశాను. ఆయన చెప్పింది: ఇంటి గుమ్మం చట్టానికి అడ్డుగోడ కాదు. నేను కొట్టింది: ఇంటి గుమ్మం చట్టానికి అడ్డుగోడ.

"ఒక మాట తగ్గింది," అన్నారు. కోపం లేదు. "పదకొండేళ్లలో మీ దగ్గర ఇలాంటిది చూడలేదు. ఒంట్లో బాగాలేదా?"

"పొరపాటు సార్."

పొరపాటే. అలసట. రోజూ వేల మాటలు కొడతాను, ఒక మాట జారడం వింత కాదు.

పొరపాటే.

మార్చి 25

నా షార్ట్‌హ్యాండ్ పుస్తకం తీసి చూశాను. అక్కడ 'కాదు' స్పష్టంగా ఉంది, చక్కటి గీతతో. రాసిన చెయ్యే టైపు చేసింది.

మార్చి 29

ఉదయం అమ్మాయి జడ వేస్తూ, మామూలుగానే అడిగాను, "పుట్టినరోజుకి నీ స్నేహితురాళ్లని పిలవచ్చుగా? నలుగుర్నీ పిలువు, నేను సెలవు పెడతా."

"వద్దమ్మా."

"ఎందుకు?"

అద్దంలో నా వంక చూసింది. "వాసనొస్తుంది కదమ్మా. మనకి అలవాటైపోయింది, తెలీదు. వేరేవాళ్లకి తెలుస్తుంది."

నా చేతిలో జడ అలాగే ఉండిపోయింది.

"ఎప్పట్నుంచి తెలుసు?"

"మొదట్నుంచీ. అత్త గింజలు తెచ్చినప్పుడు నేను మంచం కింద పిల్లి కోసం వెతుకుతున్నా." తర్వాత, నన్ను ఊరడిస్తున్నట్టుగా, "ఎవ్వరికీ చెప్పలేదమ్మా. చెప్పను. అందుకే ఎవర్నీ పిలవట్లేదు. అంతే," అంది.

రెండేళ్లు. నేను తాళం వేసింది గదికి అనుకున్నాను.

మార్చి 31

జడ్జిగారి గదిలోకి వెళ్లి తలుపు మూశాను. రాత్రంతా వాక్యాలు సిద్ధం చేసుకున్నాను, ఒక్కటీ పనికిరాలేదు.

"సార్, ఆ కేసు నా చేత చేయించకండి. మా ఇంట్లో ఉన్నాయి. రెండు. మా ఆయన చేతినొప్పికి. మొదటి రోజే చెప్పాల్సింది. చెప్పలేదు. ఆ 'కాదు' పోవడం అలసట వల్లే అని ఇన్నాళ్లూ నాకు నేనే చెప్పుకుంటూ వచ్చాను."

ఆయన కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. ఎదురుగోడ మీద గడియారం పాడై రెండేళ్లైంది, అదైనా టిక్కుమంటే బాగుండనిపించింది.

"మీరు చెప్పింది విన్నాను," అన్నారు చివరికి. "వినలేదని అనుకోలేను. దీన్ని పోలీసులకు చెప్పే బాధ్యత చట్టం నా మీద పెట్టలేదు. మిమ్మల్ని ఈ కేసులో ఉంచకుండా చూసే బాధ్యత మాత్రం ఉంది. మీకు ఇందులో సొంత ప్రమేయం ఉందని ఒక్క వాక్యం రాసివ్వండి. వివరాలు వద్దు. మిగతా ఇద్దరు జడ్జీలకు ఆ మాట చెప్తాను."

"ఉద్యోగం, సార్?"

"నకళ్ల విభాగానికి వేయిస్తాను. కింద అంతస్తు, గాలి తక్కువ. అంతకంటే ఏం చేయలేను."

తలుపు దాకా వెళ్లాక వెనక్కి తిరిగాను. అడగకూడదని తెలుసు. అడిగాను. "సార్, ఇప్పుడు తెలిసింది కదా. మీ తీర్పు..."

"ఏమ్మా, మీ ఆయన నొప్పి నాకు తెలిసిందని మార్చాననుకోండి. మరి ఎవరి నొప్పి నా దాకా రాలేదో, వాళ్ల సంగతేంటి? వాళ్లు నా స్టెనోలు కాదు కదా."

ఆయనన్నది నిజమే. మెట్లు దిగుతుంటే ఏడుపొచ్చింది.

ఏప్రిల్ 1

వదిన వచ్చింది. కొట్టు కట్టేసి మరీ వచ్చింది, కొంగుకు ఇంకా గులాబీ ఆకులు అంటుకుని ఉన్నాయి.

"నీకు మతిగానీ పోయిందా? జడ్జికి చెప్తావా? ఎవరడిగారని చెప్పావ్?"

"ఎవరూ అడగలేదు, వదినా."

"అదే నేననేది! నీ మనసు తేలిక చేసుకోవడానికి నా తమ్ముడి నెత్తిన బండ పెట్టావు."

ఆయన అడ్డొచ్చాడు. "అక్కా, ఊరుకో. చెప్పింది మంచికే."

"ఏ మంచి? ఎవరి మంచి?"

ఆమె అన్నదాంట్లో సగం నిజం ఉంది. ఏ సగమో తేల్చుకోలేకపోయాను.

ఏప్రిల్ 2

ఆఫీసు నుంచి వచ్చేసరికి వెనకగది తలుపు బార్లా తెరిచి ఉంది. దీపం ఆర్పేసి ఉంది. వంటింటి కత్తెరతో, ఎడమచేత్తో, రెండూ ముక్కలు ముక్కలుగా కోసేశాడు. బకెట్లో సబ్బునీళ్లలో నానబెట్టాడు. కుండీలు కడిగి బోర్లించాడు.

"నీ ఉద్యోగమన్నా మిగలాలి కదా," అన్నాడు. "పోలీసులొస్తే బట్టలుతికే యంత్రం చూసి పోతారు."

నేను కోసెయ్యమని చెప్పలేదు. చెప్పలేదు గానీ, నిన్న వదిన వెళ్లాక వద్దని కూడా అనలేదు. ఆయన మొహం చూస్తే అడుగుతున్నట్టే ఉంది. నేను గిన్నెలు సర్దుకుంటూ కూర్చున్నాను.

ఏప్రిల్ 9

అన్నం తింటూ ఆయన నొప్పికి చెంచా మూడుసార్లు పడేశాడు.

ఏప్రిల్ 15

మాత్రలు మళ్లీ మొదలు. మళ్లీ సోఫా.

ఏప్రిల్ 20

అమ్మాయి పుట్టినరోజు. మొదటిసారి ఇంటికి స్నేహితురాలు వచ్చింది. గలగలా మాట్లాడే పిల్ల. ఇల్లంతా తిరిగింది. వెనకగదిలోకి కూడా వెళ్లి, "మీకు ఇంత పెద్ద యంత్రం ఉందా!" అంది. అమ్మాయి తలుపు దగ్గర నిలబడి చూస్తోంది. ఆ మొహంలో అంత వెలుగు చూసి ఎన్నాళ్లయిందో.

ఆయన ఉదయం నుంచి మాత్ర వేసుకోలేదు. మగతగా కనబడకూడదని. గళ్ల చొక్కా వేసుకుని, కుర్చీలో నిటారుగా కూర్చుని, లిఫ్టులో ఇరుక్కున్న పెళ్లికొడుకు కథ చెప్పాడు. ఆ పిల్ల కడుపు పట్టుకుని నవ్వింది. మెడ మీద చెమట ధారగా కారుతోంది ఆయనకు. బల్ల కింద ఎడమచేత్తో మొండిచేతిని ఒత్తి పట్టుకున్నాడు. పిల్ల వెళ్లి గేటు చప్పుడయ్యాక గోడకి తల ఆనించి మూలిగాడు.

అమ్మాయి వెళ్లి పక్కన కూర్చుంది. కాసేపయ్యాక నాతో అంది: "అమ్మా, మొక్కలుంటే నాకు ఫర్వాలేదు. దాచడమే నా వల్ల కాదు."

మే 7

నకళ్ల విభాగం. కిటికీ అవతల రోజంతా మనుషులు. విడాకుల నకలు, స్థలం నకలు, చనిపోయిన తండ్రి వీలునామా నకలు. ముద్ర వేస్తాను, సంతకం చేస్తాను. పైన ఉన్నప్పుడు తీర్పు అంటే మాటలనుకునేదాన్ని. ఇక్కడ ఒకామె తన నకలు అందుకుని, అక్కడే నిలబడి, కాగితాన్ని చెంపకు ఆనించుకుంది.

జూన్ 18

తీర్పు వచ్చింది. పదింటికి పైన చదివారట. నాకు పదకొండింటికి, కట్టగా వచ్చింది, నకళ్లు తీయడానికి.

నర్సమ్మ గెలిచింది. ఇద్దరు ఆమె పక్క, మా జడ్జిగారు ఒక్కరూ అటు.

ముద్రలు వేస్తూనే చదివాను. చిన్నావిడ రాసింది: అమ్మడం, రవాణా, పిల్లలకు ఇవ్వడం, మత్తులో బండి నడపడం, వీటన్నిటినీ అదుపు చేసే అధికారం ప్రభుత్వాలకు ఉంది. కానీ పెద్దవాళ్లు తమ ఇంట్లో తమ వాడకానికి పెంచుకునే కొద్ది మొక్కలు వ్యాపారం కావు. వ్యాపారం కానిదాన్ని వ్యాపారమని పిలిచి ఇళ్లలోకి వచ్చే అధికారం కేంద్రానికి రాజ్యాంగం ఇవ్వలేదు. అధికారానికి ఎక్కడా హద్దు లేకపోతే రాజ్యాంగం రాసుకోవడమే దండగ.

తర్వాత మా జడ్జిగారి అసమ్మతి తీర్పు. తొమ్మిదో పేజీలో 'కాదు' ఉంది, ఉండాల్సిన చోట. ఎక్కడా ఒక్క మాట మెత్తబడలేదు. చివర మాత్రం నేను టైపు చేసినప్పుడు లేని వాక్యం ఒకటి కనబడింది: "నేను చేరిన ఈ నిర్ణయం, నిజంగా బాధపడుతున్న మనుషులకు అన్యాయమనిపిస్తుందని నాకు తెలుసు, తెలియనట్టు రాయలేను."

ఆ పేజీ మీద ముద్ర కొంచెం వంకరగా పడింది. మార్చలేదు.

జూన్ 19

వదినకు ఫోన్ చేశాను. ఏప్రిల్ నుంచి మాటల్లేవు.

"విన్నాను, విన్నాను," అంది. "ఇంకేం, కుండీలు తిరగెయ్యి. గింజలు నేను తెస్తా."

"తేలేవు వదినా. అరవై ఒకటో పేరా చదివాను. గింజలు ఎక్కడ సంపాదించాలన్న ప్రశ్న మా ముందు లేదు, అని రాశారు. అమ్మడం ఇంకా నేరమే, ఇవ్వడమూ నేరమే."

"అంటే నువ్వు పెంచితే తప్పు లేదు, నేనిస్తే నాకు జైలు?"

"అంతే."

"బాగుంది. మరి అవి ఆకాశం నుంచి ఊడిపడాలా?" తర్వాత గొంతు తగ్గించి, "ఇంతకుముందు ఇవ్వలేదా ఏంటి? జేబురుమాలు పాతదే ఉంది," అంది.

ఆయన పక్కనే విన్నాడు. సోఫాలోంచి లేవకుండానే తల అడ్డంగా ఊపాడు. "వద్దని చెప్పు. మళ్లీ అమ్మాయి చేత దాయించలేను."

జూన్ 23

పదకొండేళ్లలో ఎన్ని పిటిషన్లు టైపు చేశానో లెక్కలేదు. ఇవాళ ఇంట్లో కూర్చుని ఒకటి కొట్టాను. రెండున్నర పేజీలు. పెంచుకునే హక్కు ఉందని ఈ కోర్టే చెప్పింది. మొదటి గింజ చట్టబద్ధంగా చేతికి వచ్చే దారి లేకపోతే ఆ హక్కు కాగితం మీదే ఉంటుంది. ఆ దారి చూపమని ప్రభుత్వాన్ని ఆదేశించండి. పెద్ద మాటలేమీ వెయ్యలేదు. ఆయన చెయ్యి గురించి నాలుగు వాక్యాలు. ఏప్రిల్ దాకా మా ఇంట్లో రెండు మొక్కలుండేవి అని కూడా రాశాను. మేం మాట్లాడుకున్న లాయరు ఆ వాక్యం తీసెయ్యమన్నాడు. ఉంచాను.

ఆఫీసుకు చెప్పి తీరాలి. రేపు చెప్తాను.

జూన్ 24

సూపరింటెండెంట్ మొదటి పేజీ చదివి కళ్లజోడు మీంచి చూశాడు. "నిజంగానే వేస్తారా? అందరికీ తెలిసిపోతుందమ్మా. క్యాంటీన్ దాకా."

"తెలియనివ్వండి."

"మీ ఇష్టం." అనుమతి కాగితం మీద సంతకం పెట్టి, "మళ్లీ తోటపనే వచ్చింది చూశారా," అనబోయి, సగంలో ఆపేశాడు. "బాగా రాశారు," అన్నాడు.

జూన్ 26

ముగ్గురం వెళ్లాం. అమ్మాయి బడి మానేసి మరీ వచ్చింది, ఫైలు తనే పట్టుకుంది. దాఖలు చేసే కిటికీలో రోజూ నాతో కలిసి టీ తాగే గుమాస్తా ఉన్నాడు. తల ఎత్తకుండానే కాగితాలు తిరగేశాడు.

"మొదటి పిటిషనర్ ఎవరు?"

"నేనే."

అప్పుడు ఎత్తాడు. నన్ను చూశాడు, మళ్లీ కాగితం మీద పేరు చూశాడు. "రెండో పిటిషనర్?"

ఆయన ముందుకు వచ్చాడు. ప్రమాదం జరిగాక ఈ నాలుగేళ్లలో ఎక్కడైనా వేలిముద్రే వేశాడు. ఎడమచేతి సంతకం పిల్లల గీతలా ఉంటుందని సిగ్గు. గుమాస్తా అలవాటుగా సిరాడబ్బీ ముందుకు తోశాడు.

"వద్దు," అన్నాడు ఆయన. "పెన్ను ఇవ్వండి."

వెనక వరస పెరుగుతోంది. ఎవరో గొణిగారు. ఆయన ఒక్కో అక్షరమే దిద్దుతున్నాడు. కాగితం జరిగిపోతుంటే అమ్మాయి రెండు చేతులతో అంచులు అదిమి పట్టుకుంది.

"తొందరేం లేదు," అన్నాడు గుమాస్తా.